కాశప్ప పెట్టుకున్న కాపలా

కాశప్ప మా పక్క గదిలోకి అద్దెకు వచ్చిన మొదటి వారమే అతనితో గొడవ పెట్టుకున్నాను. తప్పంతా ఫోన్‌ది. సాయంత్రమైతే చాలు, అరుగు మీద కూర్చుని ఫోన్ గట్టిగా పెట్టేవాడు. అందులోంచి ఎవరెవరో మాట్లాడేవాళ్లు. ఒకడు షెడ్డుకు తలుపు లేదంటాడు, ఇంకొకడు బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయంటాడు, ఎవరో ఆడమనిషి తేళ్లు ఉన్నాయి జాగ్రత్త అంటుంది. నేను ఎమ్మిగనూరులో పుట్టి మగ్గం గుంటలోనే ముసలివాణ్ణయ్యాను. మగ్గం చప్పుడుకు నా చెవులు సగం పోయాయి. ఆ సగం చెవుల్లోకి కూడా దూరేవి ఆ గొంతులు.

"ఏమప్పా, ఊరందరి సంసారం తెచ్చి నా నెత్తిన పోస్తాండావు?" అన్నాను ఒకరోజు లేచి వెళ్లి.

"ఊరు కాదన్నా, సుగ్గి," అన్నాడు కాశప్ప నవ్వుతూ. కోపం రాని మనిషి. అలాంటివాళ్లతో గొడవ పెట్టుకుంటే మనకే ఆయాసం.

సుగ్గి అంటే మా పడమటి పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాన ముఖం చాటేసి, చేలో కోసేందుకు ఏమీ మిగలనప్పుడు ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోవడం. కాశప్పది గోనెగండ్ల దగ్గర పల్లె. మీసం మొలవకముందే సుగ్గికి పోయినవాడు, మీసం నెరిసేదాకా పోతూనే ఉన్నాడు. కూలి నుంచి మేస్త్రి అయ్యాడు. తన వెంట వచ్చే గుంపును ఏ తోటలో దించాలి, ఏ ఆసామి మాట మీద నిలబడతాడు, ఏ కాలువ నీళ్లు తాగొచ్చు, అన్నీ అతనే చూసుకునేవాడు. ఒక ఏడాది ట్రాక్టర్ ట్రక్కు తిరగబడి మోకాలు నుజ్జయింది. ఆ తర్వాత ఎమ్మిగనూరుకు వచ్చి పత్తి గోడౌనుకు కాపలా ఉంటున్నాడు. పెళ్లాం బసమ్మ మా ఇంట్లో కండెలు చుట్టేది. ఒక్కతే కూతురు సుంకులమ్మ. కూతురూ అల్లుడు ఈరేష్, ఇద్దరూ బజారి అనే మేస్త్రి గుంపులో సుగ్గికి పోతారు.

ఫోన్లు రాకముందు మంచి చోటేదో చెడ్డ చోటేదో ఎలా తెలిసేదని అడిగితే కాశప్ప పొయ్యి రాళ్ల సంగతి చెప్పాడు. ఒక తోటలో కోత ముగిసి గుంపు లేచిపోతుంది. నాలుగు రోజులకు ఇంకో గుంపు దిగుతుంది. ఒకరి ముఖం ఒకరు చూడరు. కాబట్టి పోయేవాళ్లు తాము వండుకున్న మూడు రాళ్లతో కబురు పెట్టేవాళ్లట. రాళ్లు అలాగే నిలబెట్టి పోతే ఆ చోట ఉండొచ్చు. తన్ని పడగొట్టి పోతే ఆ చోట దిగొద్దు. ఆసామి చెడ్డవాడా, నీళ్లు చెడ్డవా, పాముల పుట్ట ఉందా, అదంతా రాళ్లు చెప్పవు. వద్దు అని మాత్రం చెబుతాయి. కాశప్ప తన గుంపుకు నేర్పితే, ఆ గుంపులో పెరిగి మేస్త్రులైన వాళ్లంతా అదే పద్ధతి పట్టుకున్నారు.

మోకాలు పోయాక ఊరికే కూర్చోలేక, ఆ రాళ్ల పనిని ఫోన్‌లో పెట్టాడు. గోనెగండ్ల, కృష్ణగిరి, ఆస్పరి వైపు మేస్త్రులందరినీ చేర్చి ఒక గ్రూపు కట్టాడు. మేస్త్రులే కాదు, గుంపుల్లో ఫోనున్న ఆడవాళ్లూ చేరారు. వీళ్లలో ఎక్కువమందికి చదవడం రాదు. అంతా నోటి మాటే. గ్రూపులో రోజంతా గోల కాకుండా కాశప్ప ఒక కట్టుబాటు పెట్టాడు. "సెడ్డ ఉంటేనే సెప్పండి. ఎవరూ ఏం సెప్పలేదంటే ఆ సోటు మంచిదని అర్థం." అందరికీ నచ్చింది. పొద్దంతా కాయ కోసి వచ్చినవాళ్లకు బాగుంది బాగుంది అని చెప్పుకునే ఓపిక ఎక్కడుంటుంది? రానురాను రాళ్లు తన్నే పని తగ్గిపోయింది. ఫోన్‌లో చెప్పాక మళ్లీ కాలు నొప్పి ఎందుకు?

సుంకులమ్మ ఒక్కతే ఆ కట్టుబాటు పాటించేది కాదు. సాయంత్రం బజారి ఫోన్ లాక్కుని గ్రూపులోనే తండ్రిని అడిగేది. "అప్పా, మోకాలికి నూనె రాసుకున్నావా ల్యా?" వందలమంది వినేవాళ్లు. కాశప్ప సిగ్గుపడి, "ఈ పిల్లకు బుద్ధి ల్యా," అంటూ నూనె సీసా కోసం లేచేవాడు. ఆ గొంతు కోసం నేను కూడా మగ్గం ఆపేవాణ్ణి. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

గ్రూపు పెద్దదయ్యేకొద్దీ దొంగలు దూరారు. ఎవడో ఎక్కడివాడో చేరతాడు, లోను ఇస్తానంటాడు, లాటరీ అంటాడు. కాశప్ప తీసేస్తే ఇంకో నంబరుతో వస్తాడు. తర్వాత బూతు బొమ్మలు మొదలయ్యాయి. బొమ్మలను చూడకుండా తలైనా తిప్పుకోవచ్చు. ఒక సాయంత్రం బజారి గుంపు అన్నాలు తింటూ, అలవాటు చొప్పున గ్రూపులో మాటలన్నీ వరసగా గట్టిగా పెట్టింది. మధ్యలో ఒక గొంతు. ఏం మాట్లాడిందో నేను రాయను. సుంకులమ్మ, ఆమె అత్త, పెళ్లికాని పిల్లలు, అందరూ అక్కడే కూర్చుని ఉన్నారు. బజారి ఫోన్ ఆపడానికి తడుముకునేలోపు అంతా వినేశారు. అన్నం వదిలి లేచిపోయారట ఆడవాళ్లు.

మర్నాటి నుంచి మగవాళ్లు తమ ఇంటి ఆడవాళ్లను గ్రూపులోంచి తీయించడం మొదలుపెట్టారు. ఇద్దరు మేస్త్రులు తామే తప్పుకున్నారు. కాశప్పకు కాలు విరిగినప్పుడు కూడా అంత దిగులు లేదని బసమ్మ నాతో చెప్పింది. కాపలా డ్యూటీలో ఫోన్ పట్టుకునే ఉండేవాడు. కునుకు పడితే చాలు, లేచేసరికి నాలుగు బూతులు. వాటిని తీసేస్తుంటే గోడౌను యజమాని చూసి, "ముసలోడివి, సిగ్గులేదా ఇవి సూడటానికి?" అన్నాడట. ఆ మాట నాతో చెబుతున్నప్పుడు కాశప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు వచ్చాడు మంజునాథ్. ఆదోనిలో సెల్‌ఫోన్ రిపేరు షాపు అతనిది. తల్లీతండ్రీ ఒకప్పుడు కాశప్ప గుంపులో కాయ కోసినవాళ్లే. ఆ అభిమానం కొద్దీ ఒక ఆదివారం బస్సెక్కి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నా, గ్రూపులో బాట్ పెడదాం. మనిషి కాదు, మర. నువ్వు ఏం సెప్తే అది చేస్తాది. నిద్రపోదు, అన్నం అడగదు."

"నీకొక జీతగాడు దొరికినాడు పో, కాశప్పా," అన్నాను నేను మగ్గం గుంటలోంచి.

కాశప్ప నవ్వలేదు. "దానికి మన మాట తెలుస్తాదా?"

"మాట తెలీదు. కొత్తోడు యాడి నుంచి ఏం పంపినాడో అది తెలుస్తాది. కొత్త నంబరోడు బొమ్మ పెడితే తీసేస్తాది. వీడియో పెడితే తీసేస్తాది. లింకు పెడితే తీసేసి వాణ్ణి బయటికి నూకుతాది."

"మరి గొంతు?"

"అది కూడా తీసేసి వాణ్ణి బయటికి నూకమనొచ్చు. కొత్త నంబర్లవి మాత్రమే. పాతోళ్ల జోలికి పోదు. కొత్తోడు మనోడే అయితే, మర్నాడు మళ్లా చేరి మాట్లాడొచ్చని ఒక ముక్క రాసి పెడ్తాది."

"మనోళ్లకు చదువు రాదు గదప్పా."

"అందుకే అడుగుతాండా. నువ్వే సెప్పన్నా. గొంతులు వదిలేయమంటావా, తీసేయమంటావా?"

కాశప్ప ఆరోజు ఏమీ తేల్చలేదు. వారం పదిరోజులు నానబెట్టాడు. ఫోన్ చేసి మేస్త్రులను అడిగాడు. బసమ్మను అడిగాడు. నన్ను కూడా అడిగాడు. నిజంగా మనవాడెవడైనా కొత్త ఫోన్ కొనుక్కుని మాట్లాడితే ఆ మాట పోతుంది, అదే అతని దిగులు. నోరు తప్ప ఇంకేమీ లేనివాళ్ల నోరు మూయించినట్టు అవుతుందేమో అన్నాడు. ఆ మాట నా ముందే అన్నాడు, కాబట్టి అతనికి తెలియక జరిగిందని ఎవరన్నా నేను ఒప్పుకోను. కానీ రెండోవైపు చూస్తే ఆడవాళ్లు వెళ్లిపోతున్నారు, మేస్త్రులు వెళ్లిపోతున్నారు. ఖాళీ గ్రూపులో ఎంత మంచి కబురు చెప్పినా వినేవాడేడి? నేను కూడా పెట్టమనే చెప్పాను.

చివరకు సుంకులమ్మ ఫోన్ చేసింది. ఈసారి గ్రూపులో కాదు, విడిగా. "అప్పా, మా అత్త ఇంగ నన్ను ఆ గ్రూపులో మాట్లాడొద్దంటాండాది."

ఆ సాయంత్రమే కాశప్ప మంజునాథ్‌కు చెప్పాడు. "గొంతులు కూడా తీసేయమను."

బాట్ వచ్చాక ఇల్లు కడిగినట్టయింది గ్రూపు. బూతు లేదు, లోను లేదు. వెళ్లిపోయిన మేస్త్రులు తిరిగొచ్చారు. ఆడవాళ్ల గొంతులు మళ్లీ వినిపించాయి. తేళ్ల సంగతి, తలుపు లేని షెడ్డు సంగతి, ఎప్పటిలాగే. కాశప్ప గోడౌను దగ్గర ఫోన్ జేబులో పెట్టుకుని కాలు చాపుకునేవాడు. "మన కాపలాకు ఒక కాపలా దొరికింది," అని మురిసిపోయేవాడు. సుంకులమ్మ మళ్లీ అందరి ముందూ నూనె సంగతి అడగడం మొదలుపెట్టింది.

కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో బజారి గొంతు వచ్చింది. "కాశప్పన్నా, కాలవ కింది తోటలో తిరుపాల్ గుంపు ఖాళీ చేసి పోయినారంట. ఆసామి మమ్మల్ని రమ్మంటాండాడు. పోవచ్చునా?"

తిరుపాల్‌ది కైరుప్పల. నిదానస్తుడు, కాశప్ప దగ్గర పని నేర్చినవాడు. కోత సగంలో ఉండగా గుంపును ఎందుకు లేపాడా అని కాశప్పకు అనుమానం వచ్చింది. ఫోన్ చేశాడు. కలవలేదు. గ్రూపు మొత్తం వెనక్కి తిప్పి విన్నాడు. ఆ తోట గురించి ఒక్క మాట లేదు.

"రాళ్లు ఎట్లుండాయప్పా?" అని అడిగాడు బజారిని.

"నిలబడే ఉండాయన్నా. ఇప్పుడే సూసొచ్చినా."

కాశప్ప నావైపు తిరిగాడు. "ఏమన్నా ఉంటే తిరుపాల్ సెప్పేటోడే అన్నా. ఎవరికో ఒంట్లో బాగలేక ఊరికి పోయుంటారు." తర్వాత ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని చెప్పాడు. "సెడ్డ మాట ఏం రాలేదు. పోండి."

ఆ తోటలో తాగే నీళ్లకు ఆసామి ఒక నీలం డ్రమ్ము ఇచ్చాడు. పురుగుమందు కలిపే డ్రమ్ము. కడిగానన్నాడట. ఎలా కడిగాడో దేవుడికెరుక. వాసన రాలేదా అని మీరు అడగొచ్చు, మా వీధిలో అందరూ అడిగారు. మందు కొట్టిన మిరపతోటలో గాలికీ అదే వాసన, చేతులకీ అదే వాసన, అన్నానికీ అదే వాసన. నీళ్లలో వేరే వాసన ఏం తెలుస్తుంది? రెండు రోజులు కొందరికి వాంతులయ్యాయి. ఎండ దెబ్బ అనుకున్నారు. మూడో రోజు సుంకులమ్మకు జ్వరం. జ్వరానికి నీళ్లు బాగా తాగమని చెప్పి అత్తే చెంబు మీద చెంబు ముంచి ఇచ్చింది. మధ్యాహ్నానికి నోట్లో నురగ వచ్చింది. ఆటోలో వేసుకుని టౌను ఆసుపత్రికి బయల్దేరారు. దారిలోనే పోయింది.

ఈరేష్ ఫోన్ చేసినప్పుడు కాశప్ప గోడౌను దగ్గర ఉన్నాడు. బసమ్మ మా ఇంట్లో కండె చుడుతోంది. నేనే ఆమెకు చెప్పాల్సి వచ్చింది. ఆ పని పగవాడికి కూడా వద్దు.

ఊళ్లో మట్టి చేశారు. తిరుపాల్ గుంపు కూడా వచ్చింది. వాళ్లలో ఒకడు ఆసుపత్రిలో పడి లేచినవాడు, నిలబడటానికి కర్ర పట్టుకున్నాడు. వాణ్ణి చూడగానే కాశప్ప తిరుపాల్ దగ్గరికి వెళ్లాడు.

"ఎందుకు ఖాళీ చేసినావప్పా ఆ తోట?"

"డ్రమ్ము నీళ్లు తాగి వీడు పడిపోయినాడన్నా. అందుకే లేపినా గుంపును."

"మరి సెప్పలేదే?"

తిరుపాల్ ముఖం తెల్లబోయింది. "సెప్పినా గదన్నా! పాత ఫోను కాలవలో పడ్డాది. వీణ్ణి ఆసుపత్రిలో ఏసి, ఆడనే షాపులో కొత్త ఫోను, కొత్త నంబరు తీసుకున్నా. షాపాయనతోనే గ్రూపులో చేర్పించుకొని ఫస్టు మాట అదే సెప్పినా. డ్రమ్ము నీళ్లు తాగొద్దు, ఆ తోటకు ఎవరూ పోవద్దు అని. తర్వాత ఏదో రాత వచ్చింది, నాకు రాదు గదా చదివేకి. మీరు ఇన్నారనే అనుకున్నా."

"రాళ్లు?"

"ఫోన్లో సెప్తాం గదా అని... వీణ్ణి మోసుకొని పోయే తొందర్లో తన్నలేదన్నా."

కాశప్ప అక్కడే, కూతురు మట్టి పక్కనే కూలబడ్డాడు. నేను రెక్క పట్టుకుని లేపబోతే లేవలేదు. తిరుపాల్‌ను తిట్టాడేమో అనుకున్నారు దూరం నుంచి చూసినవాళ్లు. తిట్టలేదు. "నీ తప్పేం ల్యా, నీ తప్పేం ల్యా," అని మాత్రం అంటున్నాడు.

దినాలు అయ్యాక మంజునాథ్ వచ్చాడు. రావడమే ఏడుస్తూ వచ్చాడు. గొంతులు వదిలేసేలా మార్చేస్తానన్నాడు, బొమ్మలు మాత్రమే తీసేస్తుందన్నాడు, బాట్‌ను మాత్రం ఉంచమన్నాడు. నాకూ అదే సబబనిపించింది. విషం పెట్టింది ఆ ఆసామి. వాడి ఇంటికి ఇప్పటిదాకా ఒక్క పోలీసు పోలేదు. వాణ్ణి వదిలేసి ఫోన్‌లో మరను పట్టుకుని ఏడిస్తే ఏం లాభం? నా కోపం ఆపుకోలేక కాశప్పతో గట్టిగానే అన్నాను.

"మర తప్పేం ల్యాన్నా," అన్నాడు కాశప్ప. "దానికి నేను సెప్పిన మాట తప్ప ఇంకో మాట తెల్దు. నాకు తెల్సు గదా." తర్వాత మంజునాథ్ భుజం మీద చెయ్యేసి, "తీసెయ్యప్పా దాన్ని," అన్నాడు.

మంజునాథ్ తీసేశాడు. వారం తిరక్కుండానే దొంగలు మళ్లీ దూరారు. ఇప్పుడు కాశప్ప కొత్త నంబరు ఏదొచ్చినా గొంతు మొదటి నుంచి చివరిదాకా వింటాడు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, లోను మాటలూ బూతు మాటలూ అన్నీ పూర్తిగా విన్నాకే తీసేస్తాడు. అది బూతేనని మొదటి ముక్కకే తెలుస్తుంది కదా, తీసేయొచ్చు కదా అన్నాను. "మద్దెలో ఎవరన్నా ఏమన్నా సెప్తారేమో," అన్నాడు. ఆడవాళ్లు మళ్లీ ఒక్కొక్కరే గ్రూపులోంచి పోతున్నారు. వాళ్లను ఆపడం లేదు. గుంపు గుంపుకూ ఫోన్ చేసి, గ్రూపులో చెప్పినా సరే, రాళ్లు మాత్రం తన్ని పోండి అని చెబుతున్నాడు.

ఒకరోజు ఆ తోట చూడాలన్నాడు. మోకాలితో ఒక్కడే పోలేడని నేను వెంట వెళ్లాను. బస్సులో పొడుగునా ఇయర్‌ఫోన్ తీయలేదు.

కాలువ గట్టు దిగి పోయేసరికి తోటలో ఇంకో గుంపు దిగి ఉంది. మా వైపు వాళ్లు కారు, ఏ గ్రూపులోనూ లేనివాళ్లు. షెడ్డు పక్కన నీలం డ్రమ్ము నిండా నీళ్లు. దాని ముందే మూడు రాళ్ల పొయ్యి, మసిబారి, నిలబడి ఉంది. సుంకులమ్మ వండిన పొయ్యి. దాని మీద వీళ్ల అన్నం ఉడుకుతోంది.

కాశప్ప ఎవరినీ పలకరించలేదు. కుంటుకుంటూ పోయి బాగున్న కాలితో పొయ్యిని తన్నాడు. ఒక రాయి పక్కకు దొర్లింది, అన్నం కుండ బోర్లా పడి గంజి నేల మీద పారింది. రెండో రాయిని చేతులతో తోశాడు. వేళ్లు కాలాయి. ఆడవాళ్లు కేకలేస్తూ లేచారు. ఒకామె గరిటె ఎత్తుకుని మీదికొచ్చింది. పిచ్చిముండాకొడకా, నోటి కాడి కూడు నేలపాలు చేస్తావా అని తిట్టింది. నేను అడ్డం పడి డ్రమ్ము చూపించి సంగతి చెప్పాను. అతని కూతురు ఈ నీళ్లే తాగి చచ్చిపోయిందని చెప్పాను. అప్పటికే చెంబు నోటి దగ్గర పెట్టుకున్న ఒకతను దాన్ని పక్కకు విసిరేశాడు. ఇద్దరు కలిసి డ్రమ్మును బోర్లించారు.

గరిటె పట్టుకున్నామె చెయ్యి దించింది. ఆమెదీ సుంకులమ్మ వయసే. నేల మీద అన్నం చూసి, కాశప్ప కాలిన వేళ్లు చూసి, కాస్త మెత్తబడిన గొంతుతో అడిగింది.

"అయ్యో పెద్దాయనా, మీ పిల్లకు ముందే ఎవరూ చెప్పలేదా?"

"సెప్పినారమ్మా," అన్నాడు కాశప్ప. "నేనే తీసేయమన్నా."

ఆమెకు అర్థం కాలేదు. నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. కాశప్ప వంగి మిగిలిన మూడో రాయిని కూడా పడదోసి, గట్టు మీద కూర్చుని, ఇయర్‌ఫోన్ మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు.